వెన్నెల అని వెతికితే ఏది వస్తుంది? ఫోన్‌లో ఫ్రెంచ్ క్లాసికల్ రికార్డింగులు వినే పద్ధతి

మన ఫోన్లలో ఉండే పాటల యాప్‌లన్నీ సినిమా పాట కోసమే పుట్టినట్టు ఉంటాయి. పాట పేరు కొడితే పాట వచ్చేస్తుంది. ఎవరు పాడారు, ఏ సినిమా అనేది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. సినిమా పాట వరకు ఇది చాలు, ఎందుకంటే దానికి అసలు రికార్డింగ్ ఒక్కటే. మిగతావన్నీ కవర్లు, రీమిక్స్‌లు.

క్లాసికల్ సంగీతం అలా కాదు. కర్ణాటక సంగీతం వినే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ విషయం కొత్తేం కాదు. ఒకే త్యాగరాజ కృతి ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారు పాడితే ఒకలా, బాలమురళీకృష్ణ గారు పాడితే ఇంకోలా ఉంటుంది. అందులో ‘ఒరిజినల్’ ఏది అని ఎవరూ అడగరు. పాశ్చాత్య క్లాసికల్ కూడా అంతే. రాసినవాళ్లు ఒకరు, వాయించేవాళ్లు వందమంది.

ఇయర్‌బడ్స్ రివ్యూలకి మంచి టెస్ట్ ట్రాక్‌లు కావాలని నేను రెండు నెలల కింద ఫ్రెంచ్ సంగీతం వినడం మొదలెట్టా. దెబ్యూసీ, రావెల్, సాతీ, ఫోరే... వింటున్నకొద్దీ ఒకటి అర్థమైంది. ఇక్కడ ఫైల్ ఎంత క్వాలిటీదో తెలిస్తే సరిపోదు. అది ఎవరిది, ఎప్పటిది, ఎలా రికార్డ్ చేశారు అనే సమాచారం లేకపోతే మనం వినేది పూర్తిగా వేరేది అయిపోవచ్చు. దానికి ఉదాహరణలు, ఫోన్‌లో మార్చుకోవాల్సిన సెట్టింగ్స్, మొదలెట్టడానికి కొన్ని రికార్డింగులు ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ఒకే పేరు, ఐదు రచనలు

‘క్లేర్ ద ల్యూన్’ అంటే ఫ్రెంచ్‌లో వెన్నెల. ఈ పేరుతో సెర్చ్ చేయండి. మొదట వచ్చేది దాదాపుగా దెబ్యూసీ పియానో రచనే. 1905లో అచ్చయిన ‘సూట్ బెర్గమాస్క్’లో మూడో భాగం అది.

కానీ పాల్ వెర్లేన్ అనే కవి ఇదే పేరుతో ఒక కవిత రాశారు. దాన్ని గాబ్రియెల్ ఫోరే 1887లో పాటగా కట్టారు. దెబ్యూసీ కూడా అదే కవితకి రెండుసార్లు, రెండు వేర్వేరు బాణీలు కట్టారు. ఇవి కాక ‘ఓ క్లేర్ ద లా ల్యూన్’ అనే పాత జానపద గీతం ఒకటుంది, ఫ్రాన్స్‌లో పిల్లలందరికీ వచ్చు. మొత్తం ఐదు. యాప్‌కి మాత్రం అన్నీ ఒకే పదం. వీటి మధ్యలో ‘నిద్ర కోసం’, ‘చదువుకునేటప్పుడు’, ‘వాన చప్పుడుతో పది గంటలు’ లాంటి ప్లేలిస్ట్‌లు దూరతాయి. అందులో పియానో వాయించింది ఎవరో కూడా చాలాసార్లు రాయరు.

కాబట్టి సెర్చ్‌లో మూడు ముక్కలు కొట్టండి: స్వరకర్త పేరు, రచన పేరు, వాయించినవాళ్ల పేరు. కేటలాగ్ నంబర్ తెలిస్తే ఇంకా మంచిది. బాఖ్ రచనలకి బీడబ్ల్యూవీ, మోజార్ట్‌కి కే, దెబ్యూసీకి ఎల్ అని ఉంటాయి. దెబ్యూసీతో ఒక చిక్కుంది. ఆ కేటలాగ్‌ని తర్వాత సవరించి నంబర్లు మార్చారు. అందుకే సూట్ బెర్గమాస్క్ కొన్నిచోట్ల ఎల్ 75, కొన్నిచోట్ల ఎల్ 82 అని కనిపిస్తుంది. రెండూ ఒకటే, కంగారు పడకండి.

దెబ్యూసీ స్వయంగా వాయించినవి: డిస్క్ వేరు, రోల్ వేరు

దెబ్యూసీ 1918లో చనిపోయారు. ఆయన వాయించింది ఇవాళ మన ఫోన్‌లో వినొచ్చు, అదీ రెండు రకాలుగా.

మొదటిది 1904లో పారిస్‌లో గ్రామఫోన్ కంపెనీ తీసిన డిస్క్‌లు. మేరీ గార్డెన్ అనే స్కాటిష్ గాయని పాడితే దెబ్యూసీ పియానో వాయించారు. ఇదే కంపెనీ అంతకు రెండేళ్ల ముందు, 1902లో, కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డ్ చేసింది. అప్పటికి మైక్రోఫోన్‌తో రికార్డింగ్ లేదు, అది 1925లో వచ్చింది. పెద్ద గరాటు ముందు నిలబడి గట్టిగా పాడాల్సిందే. అందుకే ఈ డిస్క్‌లలో గరగర ఎక్కువ, పియానో ఎక్కడో పక్క గదిలో మోగుతున్నట్టు ఉంటుంది. కానీ అది ఆ గదిలో పుట్టిన అసలు శబ్దం.

రెండోది సుమారు 1912లో చేసిన పియానో రోల్స్. వెల్టే మిన్యోన్ అనే జర్మన్ యంత్రం కోసం దెబ్యూసీ 14 రచనలు వాయించారు. ఈ రోల్‌లో శబ్దం ఉండదు. కాగితం మీద రంధ్రాలు ఉంటాయి. ఏ మీట ఎప్పుడు నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ ఎప్పుడు తొక్కారు, ఎంత బలంగా కొట్టారు అన్నది ఆ రంధ్రాల్లో ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇది మిడి ఫైల్ అన్నమాట. దాన్ని ఈ కాలపు మంచి పియానో మీద ఆడించి స్టీరియోలో రికార్డ్ చేస్తే శబ్దం నిన్నమొన్నటిలా శుభ్రంగా వస్తుంది. ‘1912 రికార్డింగ్ ఇంత క్లియర్‌గా ఎలా?’ అనే డౌట్‌కి జవాబు ఇదే.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ‘దెబ్యూసీ స్వయంగా వాయించిన క్లేర్ ద ల్యూన్’ అనే పేరుతో వీడియోలు చాలా తిరుగుతుంటాయి. ఆ 14 రచనల జాబితాలో క్లేర్ ద ల్యూన్ లేదు. ‘చిల్డ్రన్స్ కార్నర్’ ఉంది, ‘మునిగిపోయిన కెథెడ్రల్’ అనే ప్రెల్యూడ్ ఉంది. వెన్నెల లేదు. ఆ వీడియోలో ఉన్నది వేరే ఎవరిదో రోల్. ఆ ‘వేరే ఎవరో’కి కూడా ఒక పేరుంటుంది కదా, అదీ పోయింది.

సరే, ఒరిజినల్ రోల్ వల్ల లాభమేంటి? ఆ కెథెడ్రల్ ప్రెల్యూడే ఉదాహరణ. 1910లో అచ్చయిన నొటేషన్ ప్రకారం వాయిస్తే మధ్యలో కొన్ని భాగాలు బాగా సాగదీసినట్టు ఉంటాయి. రోల్‌లో దెబ్యూసీ ఆ భాగాల్ని రెట్టింపు వేగంతో వాయించారు. ఆ మార్పు నొటేషన్‌లో రాయనే లేదు. రోల్‌ని తప్పు స్పీడ్‌లో ఆడించినా ఈ విషయం చెరిగిపోదు. మొత్తం వేగం మారుతుంది కానీ, ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఉన్న నిష్పత్తి మారదు. అచ్చు కాగితంలో లేని సమాచారం రంధ్రాల కాగితంలో దొరికింది. ఈ రోల్‌ని, నొటేషన్ ప్రకారమే వాయించిన ఏదైనా రికార్డింగ్‌ని పక్కపక్కన పెట్టి వినండి, తేడా మామూలు చెవికే తెలుస్తుంది.

బొలెరో టెస్ట్: మీ ఫోన్ సెట్టింగ్స్ బయటపడతాయి

మారిస్ రావెల్ 1928లో రాసిన ‘బొలెరో’ నా దృష్టిలో ఇయర్‌బడ్స్‌కి బెస్ట్ టెస్ట్ ట్రాక్. చిన్న డ్రమ్ మీద ఒకే దరువు మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా నడుస్తుంది. వినీ వినపడనట్టు మొదలై, ఒక్కో వాయిద్యం చేరుతూ, చివరికి ఆర్కెస్ట్రా మొత్తం విరుచుకుపడుతుంది. మెల్లగా పెరగడమే ఈ రచన. ఆ పెరుగుదలని ఫోన్ సమం చేసేస్తే ఇంకేం మిగలదు.

వినే ముందు ఇవి చూసుకోండి:

- ఫోన్ సౌండ్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ లెవలర్, డైనమిక్ మోడ్ లాంటివి ఉంటే ఆపేయండి. ఇవి మెల్లని చోట పెంచి, గట్టి చోట తగ్గిస్తాయి.
- యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆపండి. ట్రాక్‌కి ట్రాక్ సమం చేసే పద్ధతిలో, మెల్లగా ఉండాల్సిన రెండో భాగం మొదటి భాగమంత గట్టిగా వచ్చేస్తుంది.
- క్రాస్‌ఫేడ్ ఆఫ్, గ్యాప్‌లెస్ ఆన్. కొన్ని రచనల్లో ఒక భాగం ఆగకుండా ఇంకో భాగంలోకి వెళ్తుంది.
- మొదట్లో వినపడట్లేదని వాల్యూమ్ పెంచకండి. చివరి రెండు నిమిషాల్లో చెవులకి దెబ్బ. ముందు ట్రాక్ చివరికి జరిపి అక్కడ వాల్యూమ్ సెట్ చేసుకుని, తర్వాత మొదటికి రండి.

లాస్‌లెస్ అవసరమా? లెక్క చూద్దాం. సీడీ క్వాలిటీ అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి 1,411 కిలోబిట్‌లు. 16 నిమిషాల బొలెరో కంప్రెషన్ లేకుండా దాదాపు 170 ఎంబీ అవుతుంది. అదే 256 కేబీపీఎస్‌లో సుమారు 31 ఎంబీ. బ్లూటూత్‌లో ఎల్‌డాక్ కోడెక్ గరిష్ఠంగా 990 కేబీపీఎస్ దాకానే వెళ్తుంది. నా అనుభవంలో రెండు వేల లోపు బ్లూటూత్ బడ్స్‌తో ఆఫీస్ బస్‌లో లాస్‌లెస్ తేడా ఏమీ తెలీలేదు. బస్ చప్పుడులో అసలు డ్రమ్మే వినపడలేదు. అదే ట్రాక్ రాత్రి ఇంట్లో టైప్ సీ వైర్డ్ ఇయర్‌ఫోన్స్‌తో వింటే మొదటి నిమిషంలోనే ఫ్లూట్ ఊపిరి వినపడింది. ఈ సంగీతానికి కోడెక్ కన్నా ముందు నిశ్శబ్దం కావాలి. బయట వింటే నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న బడ్స్, లేదంటే ఇంట్లో వైర్డ్. డబ్బు పెట్టాల్సింది అక్కడ.

ఏ యాప్, ఏ సైట్?

ఆపిల్ మ్యూజిక్ క్లాసికల్ 2023 మార్చిలో ఐఫోన్‌కి, అదే ఏడాది మే చివర్లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. ఇందులో రచన పేరు తెరిస్తే దాని రికార్డింగులన్నీ ఒకేచోట ఉంటాయి. నాకు కావాల్సిన పద్ధతి ఇదే. ఆపిల్ మ్యూజిక్ సబ్‌స్క్రిప్షన్ మాత్రం ఉండాలి.

ఉచితంగా కావాలంటే ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి ‘గాలికా’ సైట్‌లో పాత డిస్క్‌ల డిజిటల్ కాపీలు ఉన్నాయి. సైట్ ఫ్రెంచ్‌లో ఉన్నా బ్రౌజర్ ట్రాన్స్‌లేషన్‌తో పని నడుస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా చూడండి. అమెరికా చట్టం ప్రకారం 1923కి ముందు విడుదలైన రికార్డింగులు 2022 జనవరి 1న పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చాయి.

మొదలెట్టడానికి నా లిస్ట్

- బొలెరో: 1930లో రావెల్ స్వయంగా లామురూ ఆర్కెస్ట్రాతో చేసినది, దాని తర్వాత షార్ల్ మ్యూన్ష్ బోస్టన్ సింఫనీతో చేసినది. వేగం తేడా గమనించండి.
- దెబ్యూసీ ప్రెల్యూడ్స్: 1950లలో వాల్టర్ గీసెకింగ్ వాయించినవి. మోనో అయినా ఆ మెత్తదనం వేరు.
- రావెల్ పియానో: వ్లాదో పెర్లెమ్యూటేర్. ఈయన ఈ రచనల్ని రావెల్ దగ్గరే నేర్చుకున్నారు.
- సాతీ ‘జిమ్నోపెదీ’ ఒకటో నంబర్: ఆల్దో చికోలీని. పియానో కొత్తగా వినేవాళ్లకి ఇదే తేలిక.
- ఫోరే ‘క్లేర్ ద ల్యూన్’: జెరార్ సూజే గొంతులో. పియానో వెన్నెల విన్నాక ఈ పాట వెన్నెల వినండి.

చివరగా ఒకటి, 20 సెకన్లే. 1860 ఏప్రిల్ 9న ఎదువార్ లియోన్ స్కాట్ ద మార్తిన్‌విల్ మసి పూసిన కాగితం మీద శబ్ద తరంగాల గీతలు తీశారు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌కి 17 ఏళ్ల ముందు. తిరిగి వినిపించే ఉద్దేశమే ఆ యంత్రానికి లేదు. 2008లో అమెరికన్ పరిశోధకులు ఆ కాగితాన్ని స్కాన్ చేసి వినిపించారు. అది ‘ఓ క్లేర్ ద లా ల్యూన్’. మొదట అమ్మాయి గొంతు అనుకున్నారు. తర్వాత తేలింది, స్పీడ్ రెట్టింపైందని. పక్కనే గీసిన ట్యూనింగ్ ఫోర్క్ గీతల్ని సెకనుకి 500 అని లెక్కేశారు. అప్పటి ఫ్రెంచ్ లెక్కలో పోక ఒకటి, రాక ఒకటి, అంటే నిజానికి 250. సరిచేస్తే వచ్చింది మెల్లగా పాడుతున్న మగ గొంతు, బహుశా స్కాట్‌దే. ఒక యూనిట్ తేడాకి మనిషే మారిపోయాడు. ఫస్ట్ సౌండ్స్ అనే బృందం సైట్‌లో పాత స్పీడ్, సరైన స్పీడ్ రెండూ ఉన్నాయి. రెండూ వినండి.