దూరపు గురి – తూటా తూకము

మన పుంగనూరు, కుప్పము ప్రాంతముల చేలయందు మంచె మీద నిలిచి పిట్టలను తోలు నేర్పరి చేతికందిన రాయినెల్ల వడిసెలలో పెట్టడు. ఒకే బరువుగల గుండ్రని రాళ్లను ముందుగానే ఏరి ఉంచుకొనును. రాయి బరువు మారినచో విసరు మారును. విసరు మారినచో గురి తప్పును. దూరపు గురిపందెములలో రైఫిలు పట్టువారు పాటించు సూత్రమును ఇదియే.

ఈ పందెములు ఇంగ్లండునందు 1860వ సంవత్సరమున వింబుల్డనులో క్రమముగా మొదలైనవి. విక్టోరియా రాణి 400 గజముల దూరమున స్థిరమైన ఆధారముపై అమర్చిన విట్‌వర్తు రైఫిలుతో తొలి గుండు పేల్చెను. 1890 నుండి ఇవి బిస్లీ మైదానమున జరుగుచున్నవి. అచ్చట 1,000 గజముల, అనగా అరమైలునకు మించిన, దూరమున కూడ గురి చూతురు. ఆ దూరమున లక్ష్యపు నడిమి వలయము అడ్డముగా రెండడుగులు మాత్రమే.

విద్యార్థులారా! ఇది ఎట్లు సాధ్యమగునో యోచింపుడు. రైఫిలు గొట్టము లోపల మెలి తిరిగిన చాళ్లుండును. వాని వలన గుండు బొంగరమువలె తిరుగుచు, తల్లక్రిందులు గాక ముందునకు సాగును. అయినను భూమి ఆకర్షణమును తప్పించుకొనజాలదు. సెకనుకు సుమారు 2,950 అడుగుల వేగముతో బయలుదేరిన గుండు 1,000 గజములు చేరుటకు ఇంచుమించు ఒకటిన్నర సెకను పట్టును. ఆ లోపల అది గొట్టపు సూటినుండి 30 అడుగులకు పైగా క్రిందికి దిగును. కావున ఆ మేరకు గొట్టమును పైకెత్తి పేల్చుటకై వెనుకచూపు మరను తిప్పి సరిచేయుదురు.

ఇప్పుడు తూటా సంగతి. దానియందు ఇత్తడి గుల్ల, నిప్పు పుట్టించు టోపీ, మందు, గుండు అను నాలుగు భాగములు కలవు. తూటాలను స్వయముగా కూర్చుకొనువారు గుల్లలను ఒకే కొలతకు తెచ్చి, మందును గ్రెయినులో పదవవంతు వరకు తూచి, గుండును ఒకే లోతున అమర్తురు. పౌనుకు 7,000 గ్రెయినులు. మన కంసాలి తూకపు గురిగింజ రెండు గ్రెయినులకు కొంచెము తక్కువ. అనగా గురిగింజలో ఇంచుమించు ఇరువదవవంతు వరకు శ్రద్ధ వహింపవలయును!

ఇంత పట్టుదల ఏల? గుండు వేగము 20 అడుగులు మారినచో, 1,000 గజముల వద్ద అది ఐదారు అంగుళములు పైకో క్రిందికో పోవును. నడిమి వలయపు కేంద్రమునుండి అంచునకు 12 అంగుళములే కదా! చేతి వణకునకు మిగులు చోటు మరింత తగ్గును.

తూకము చక్కబడినను గాలి మిగిలియున్నది. గంటకు రెండు మైళ్ల పిల్లగాలి ప్రక్కనుండి వీచినను గుండు ఒకటిన్నర అడుగు తొలగిపోవును. అందుచే గురికాండ్రు జెండాల కదలికను, దూరదర్శినిలో ఎండమావుల పరుగును చూచి గాలిని లెక్కింతురు. మదనపల్లె వేసవిలో ఎండమావిని చూడనివారెవ్వరు? దానిని చదువుట కూడ ఒక విద్యయే.

మన తెలుగునేల నుండియు ఒక నిదర్శనము కలదు. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సునందు 10 మీటర్ల ఎయిరు రైఫిలు పోటీలో 701.1 పాయింట్లతో కాంస్య పతకము గెలిచెను. ఆ లక్ష్యమున పది పాయింట్ల చుక్క అరమిల్లీమీటరు మాత్రమే. ఒలింపిక్సు గురికాండ్రు తూటాలను తామై కూర్చుకొనరు. కార్ఖానా నుండి వచ్చిన వేర్వేరు విడతల గుండ్లను తమ గొట్టముతోనే పరీక్షించి, మిక్కిలి దగ్గరగా తగులు విడతను ఎన్నుకొందురు. ఏరుకొను పద్ధతి వేరు. కోరునది అదే సమత్వము.

ఒక హెచ్చరిక. మన దేశమున 1959 ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి లేక తుపాకిని గాని తూటాలను గాని ఉంచుకొనుటయు, తయారుచేయుటయు నేరము. మందుతో ఆటలాడి వ్రేళ్లను, కన్నులను పోగొట్టుకొనువారు కలరు. ఆసక్తిగల బాలబాలికలు ఎన్.సి.సి. యందు చేరి, అధికారుల ఎదుట శిక్షణ పొందుటయే మార్గము.

ఒక గుండు నడుమ తగులుట అదృష్టము కావచ్చును. అరువది గుండ్లును నడుమనే తగులుట మాత్రము, తూచి, కొలిచి, వ్రాసికొని, ఓర్పుతో మరల మరల చేసిన అభ్యాసమునకు ఫలము.