బల్లపై యుద్ధక్రీడ

ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడకు నియమాలు కూర్చి, 1913లో 'లిటిల్ వార్స్' అనే గ్రంథాన్ని వెలువరించాడు. అందులో ఒక్కొక్క విడతకు కాల్బలం ఒక అడుగు, అశ్వబలం రెండు అడుగులు కదలవచ్చు. స్ప్రింగు ఫిరంగి కొయ్యగుండ్లను విసురుతుంది. నేటి ఇటువంటి క్రీడలలో సాధారణంగా పాచికలే ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

ఇంటిల్లిపాదీ ఈ క్రీడను ఆరంభించడానికి పెద్ద సేనలు అక్కరలేదు. ఇరుపక్షాలకూ చెరి పది బొమ్మలు, కొలత టేపు, పాచికలు, ఒక బల్ల చాలు. పేర్చిన పుస్తకాలపై గుడ్డ కప్పితే కొండ సిద్ధమవుతుంది. మొదట కొద్ది నియమాలతో ఆడి, క్రమంగా పెంచుకోవాలి. బొమ్మలకు రంగులు వేయడం వల్ల పిల్లలకు ఓర్పు అలవడుతుంది.

కొన్ని మార్లు ఈ ఆట ఆడినవారికి నిజమైన యుద్ధం ఎంతటి అవివేకమో బోధపడుతుందని వెల్స్ భావించాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైంది. బల్లపై ఒరిగిన సైనికుణ్ణి మరల నిలబెట్టవచ్చు; రణభూమిలో ఒరిగినవాడు తిరిగి లేవడు.