మూడు రోజులు హ్యాంగ్ కాలేదంటే బాగైనట్టేనా?

2011లో మార్కెట్లోకి వచ్చిన క్రూషియల్ ఎం4 అనే ఎస్‌ఎస్‌డీకి ఒక వింత జబ్బు ఉండేది. నెలల తరబడి చక్కగా నడిచిన కంప్యూటరు ఒకనాడు ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. ఆపి మళ్లీ వేస్తే లేచేది, గంట తిరిగేసరికి మళ్లీ అదే వరస. తీరా తేలిందేమిటంటే, ఆ డ్రైవు పుట్టినప్పటి నుంచి తాను ఎన్ని గంటలు పనిచేసిందో లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్క 5,184 గంటలకు చేరగానే లోపలి ఫర్మ్‌వేర్ తడబడి డ్రైవు పలకడం మానేసేది. 2012 జనవరిలో కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చి కంపెనీ దాన్ని సరిదిద్దింది. రాత్రింబవళ్లు ఆపకుండా నడిపేవారికి 5,184 గంటలంటే 216 రోజులు. రోజుకు ఎనిమిది గంటలు వాడేవారికి 648 రోజులు. కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో తేదీన వచ్చింది. బయటి నుంచి చూస్తే వేళాపాళా లేదు, లోపల మాత్రం గడియారం కొట్టినట్టే జరిగింది.

ఇంట్లో కంప్యూటరు అప్పుడప్పుడు హ్యాంగ్ అవుతోందన్నప్పుడు మొదట చేయాల్సింది ఆ గడియారాన్ని వెతకడం. చాలా రిపేరు షాపుల్లో మొదటి మందు ఫార్మాట్. విండోస్ తుడిచేసి కొత్తగా ఎక్కించి, రెండు రోజులు నడిపి చూసి, 'ఇంక రాదు సార్' అని ఇచ్చేస్తారు. వారంలో మళ్లీ వస్తుంది. ఆ షాపువాళ్లు మోసం చేశారనుకోనక్కర్లేదు, లెక్క తప్పారంతే.

లెక్క ఇదీ. మీ సిస్టం సగటున మూడు రోజులకోసారి హ్యాంగ్ అవుతోందనుకోండి. ఒక హ్యాంగ్‌కూ ఇంకో హ్యాంగ్‌కూ సంబంధం లేదనీ అనుకుందాం. అప్పుడు ఏ రిపేరూ చేయకపోయినా, వరసగా మూడు రోజులు హ్యాంగ్ లేకుండా గడిచే అవకాశం 37 శాతం. అంటే ఇలాంటి జబ్బున్న వంద కంప్యూటర్లను ముట్టుకోకుండా వదిలేస్తే, మూడు రోజుల తర్వాత వాటిలో 37 నయమైనట్టే కనిపిస్తాయి. తొమ్మిది రోజులు ఆగితే అలా భ్రమపెట్టేవి ఐదుకు తగ్గుతాయి. సగటు వ్యవధికి కనీసం మూడు రెట్లు గడిస్తే గానీ మనం చేసిన మార్పు పనిచేసిందని నమ్మకూడదు. పైగా ఒకేసారి ర్యామ్ తీసి తుడిచి, డ్రైవర్లు మార్చి, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) కూడా కొత్తది వేస్తే, నయమైనా దేనివల్ల నయమైందో తెలియదు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. విసుగు పుట్టించే పద్ధతే, ఒప్పుకుంటాను.

హ్యాంగ్ అయిన క్షణంలో పవర్ బటన్ మీదికి చెయ్యి పోకుండా ఆపుకుంటే చాలా సంగతులు తెలుస్తాయి. క్యాప్స్‌లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతోందా? అలాగైతే ఆపరేటింగ్ సిస్టం లోలోపల ఇంకా బతికే ఉంది, దేనికోసమో ఎదురుచూస్తోంది. విండోస్‌లో విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తగా మొదలవుతుంది. దాంతో తెర తేరుకుంటే అనుమానించాల్సింది గ్రాఫిక్స్‌నే. లైటు అసలు చలించకపోతే జబ్బు లోతుగా ఉన్నట్టు. అప్పుడు మెమరీ, ప్రాసెసర్, కరెంటు సరఫరా, లేదా బాగా అడుగున పనిచేసే డ్రైవర్ మీద దృష్టి పెట్టాలి.

లైటు వెలుగుతూ, రెండు మూడు నిమిషాలు ఆగితే అన్నీ ఒక్కసారిగా కదిలాయంటే చాలావరకు డిస్కే. పాత హార్డ్‌డిస్క్‌లో ఒక సెక్టార్ బలహీనపడితే డ్రైవు దాన్ని పట్టువదలకుండా మళ్లీమళ్లీ చదువుతుంది. ఆ డిస్క్‌లోనే విండోస్ ఉంటే మిగతా పనులన్నీ దాని వెనకే నిలబడిపోతాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాంలో పెండింగ్ సెక్టార్ల గడి చూడండి. అందులో సున్నా కాక ఇంకేదైనా ఉంటే, ముందు ఫొటోలూ ఫైళ్లూ వేరేచోటికి కాపీ చేసుకుని తర్వాత మిగతా పరీక్షలు. ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ పేరు మీద 7, స్టోరేజి డ్రైవర్ పేరు మీద 129 నంబర్లు కనిపించినా చూపు ఇటే తిప్పాలి. అక్కడే ఎర్రగా కనిపించే కెర్నల్-పవర్ 41ని చూసి మాత్రం కంగారుపడొద్దు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మెషిన్ మళ్లీ మొదలైందని మాత్రమే అది చెబుతుంది. పవర్ బటన్ నొక్కి ఆపింది మీరే కదా.

ర్యామ్ సంగతి కొంచెం విప్పి చెప్పుకోవాలి, ఎందుకంటే వేళాపాళా లేనట్టు కనిపించడంలో దానికి సాటి లేదు. 8 జీబీ ర్యామ్‌లో దాదాపు 6,870 కోట్ల బిట్లుంటాయి. ఒక్కో బిట్టూ అతి చిన్న కెపాసిటర్. అందులోని చార్జి కారిపోతుంటుంది కనుక సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారి తిరిగి నింపాలి. ఇన్ని కోట్లలో ఒక్కటి చెడిందనుకోండి. ఇవాళ ఆ చోట ఫొటోలోని ఒక చుక్క వచ్చి కూర్చుంటే దాని రంగు కాస్త మారుతుంది, ఎవరికీ తెలియదు. రేపు అదే చోట ఆపరేటింగ్ సిస్టం తాను తర్వాత ఎక్కడికి వెళ్లాలో రాసుకుంటే, దారి తప్పి అక్కడే ఆగిపోతుంది. లోపం కదలదు, దాని మీద పడే డేటానే మారుతుంది.

అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు బిట్లను తిరగేస్తాయన్న మాట నిజమే. అయితే గూగుల్ తన సర్వర్లను పరిశీలించి 2009లో వెలువరించిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి, వాటిలో ఎక్కువ భాగం వస్తువులోనే ఉన్న లోపాల వల్ల. కాబట్టి ఆకాశాన్ని అనుమానించే ముందు మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క తప్పు వచ్చినా ఆ ర్యామ్‌ను నమ్మడానికి లేదు. బయోస్‌లో ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, ఆపి ఇంకోసారి నడపాలి. ర్యామ్ తీసి దాని పళ్లను రబ్బరుతో రుద్దడం మన మెకానిక్కులందరికీ తెలిసిన వైద్యం. అది ఫలించినప్పుడు ఆ ఘనత రబ్బరుది కాదనీ, ఊడదీసి గట్టిగా మళ్లీ బిగించడానిదేననీ నా అనుమానం.

వేడి మీద నింద ఎక్కువ, నేరం తక్కువ. ఇప్పటి ప్రాసెసర్లు మితిమీరి వేడెక్కితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, ఇంకా పెరిగితే మెషిన్ ఆరిపోతుంది. అంటే వేడికి గుర్తు నెమ్మదించడం లేదా ఆరిపోవడం. బిగుసుకుపోవడం సాధారణంగా దాని లక్షణం కాదు. అలాగని మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో గది వేడి పది డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుందని మరచిపోకూడదు. దుమ్ము పట్టిన హీట్‌సింక్, ఎండిన థర్మల్ పేస్ట్ దానికి తోడు. అప్పటికే అంచు మీద ఉన్న భాగం అప్పుడు బయటపడుతుంది.

ఎస్‌ఎంపీఎస్‌ను పట్టుకోవడం కష్టం. 12 వోల్టుల లైను 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. మల్టీమీటర్ పెడితే 12.1 చూపిస్తుంది, బాగుందనుకుంటాం. లోపలి కెపాసిటర్లు ఎండి వోల్టేజి సెకనుకు వేలసార్లు అల్లాడుతున్నా మీటర్ చూపేది సగటే. తెలిసినవాళ్ల దగ్గర మంచిది ఒకటి అడిగి తెచ్చి వేసి చూడటమే ఇళ్లలో కుదిరే పరీక్ష.

బరువైన పని చేస్తేనే కరెంటు ఇబ్బంది వస్తుందనీ లేదు. 2017లో వచ్చిన ఏఎండీ మొదటి తరం రైజెన్‌లు కొన్ని లినక్స్‌లో గేములప్పుడు కాదు, ఊరికే ఉన్నప్పుడు బిగుసుకుపోయేవి. పని లేనప్పుడు ప్రాసెసర్ గాఢనిద్రలోకి జారి కరెంటు వాడకం బాగా పడిపోతుంది, అంత తక్కువ లోడును కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు నిలకడగా మోయలేవు. మదర్‌బోర్డుల బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే సెట్టింగ్ ఇందుకే వచ్చింది. దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మారిస్తే చాలామందికి బాధ తప్పింది. అందుకే హ్యాంగ్ అయిన ప్రతిసారీ తేదీ, టైముతో పాటు అప్పుడేం చేస్తున్నారో కూడా కాగితం మీద రాయాలి. 'ఏమీ చేయడం లేదు' అన్నదీ సమాచారమే.

ర్యామ్ చెడిందని తేలి, అది ల్యాప్‌టాప్ బోర్డుకే అతికించి ఉంటే? బోర్డు మార్చాలంటే ఖర్చు చాలాసార్లు పాత ల్యాప్‌టాప్ విలువను మించుతుంది. చెడిన చోటు చిన్నదై, లినక్స్ వాడేవారైతే ఇంకో దారుంది. మెమ్‌టెస్ట్86+ చెడిన అడ్రసులను బ్యాడ్‌ర్యామ్ రూపంలో రాసిస్తుంది. ఆ వరుసను లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ సెట్టింగుల ఫైల్లో చేర్చి గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే లినక్స్ ఆ చోటును వదిలేసి మిగతా మెమరీతో నడుస్తుంది. ఆ తర్వాత కూడా కాగితం పక్కన పడేయొద్దు. మూడు రోజులకోసారి హ్యాంగ్ అయిన మెషిన్ అయితే కనీసం తొమ్మిది రోజులు చూడాలి.