సిమెంటు బట్టీల వృథా వేడితో విద్యుత్తు
(మా వాణిజ్య విలేఖరి)

సిమెంటు తయారీ వ్యయంలో బొగ్గు, కరెంటులదే పెద్ద పద్దు. సున్నపురాతి పొడిని తిరుగుడు బట్టీలో సుమారు 1450 డిగ్రీల వేడిమి వద్ద కాల్చితే క్లింకరు తయారవుతుంది. బట్టీ వాయువులతో, లోనికి వచ్చే పొడిని ముందుగా వేడిచేసుకున్నప్పటికీ, అవి 300 డిగ్రీలకు పైబడిన వేడితోనే బయటకు పోతున్నవి. క్లింకరును చల్లార్చిన గాలిదీ ఇంచుమించు అదే పరిస్థితి. ఈ రెంటినీ బాయిలరు గుండా పంపితే ఆవిరి పుట్టి టర్బైను తిరుగుతుంది. అదనపు బొగ్గు అక్కరలేదు.

నల్గొండ జిల్లా విష్ణుపురంలోని ఇండియా సిమెంట్స్ కర్మాగారంలో, జపాన్ సంస్థ నెడో సహాయంతో, 7.7 మెగావాట్ల ఇటువంటి కేంద్రం 2004లో ప్రారంభమైనది.

టన్ను క్లింకరుకు 30 యూనిట్లు వస్తాయనుకుందాం. టన్నుకు 20 బస్తాలు గనుక, బస్తాకు దాదాపు ఒకటిన్నర యూనిట్లు. యూనిట్ 7 రూపాయల లెక్కన ఆదా సుమారు 10 రూపాయలు. అయితే ఇది నికర లాభం కాదు. నిర్వహణ ఖర్చు, పెట్టుబడిపై వడ్డీ ఇందులోనుంచే పోవాలి. పైగా రాయి, బొగ్గు తడిగా ఉంటే వాటిని ఆరబెట్టడానికే చాలా వేడి ఖర్చవుతుంది. వానాకాలంలో ఉత్పత్తి తగ్గుతుంది. బాయిలరు గొట్టాలకు పట్టే దుమ్ము సంగతి సరేసరి.

అసలు చిక్కు గిరాకీ మందగించినప్పుడు వస్తుంది. బట్టీ ఆపితే టర్బైనూ ఆగుతుంది, వడ్డీ మాత్రం ఆగదు. బస్తా ధరను నిర్ణయించేది గిరాకీ, సరఫరాలే గనుక ఈ ఆదా వల్ల ఇల్లు కట్టుకునేవారికి ధర దానంతటదే తగ్గదు. ధరలు పడిపోయిన రోజుల్లో ఇటువంటి కర్మాగారం ఇతరులకంటే కొంతకాలం ఎక్కువ తట్టుకోగలదు.