యూట్ బండిలో ఏ తరగతి?

1930ల మొదట్లో విక్టోరియా రాష్ట్రం గిప్స్‌లాండ్ నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీవారికి ఉత్తరం వ్రాసిందట. ఆదివారం వానలో తడవకుండా చర్చికి వెళ్ళడానికీ, సోమవారం పందులను సంతకు చేర్చడానికీ, రెంటికీ పనికివచ్చే బండి ఒకటి చేసిపెట్టండని. జీలాంగ్ ఫ్యాక్టరీలో లూయీ బాండ్ట్ అనే యువకుడు దానికి రూపం గీశాడు. 1934లో బండి బయటికి వచ్చింది. ఇక్కడివాళ్ళు 'యూట్' అని పిలిచే వాహనం పుట్టుక అదీ. చర్చికా, సంతకా అన్న తగవు మాత్రం ఈనాటికీ తెగలేదు.

సొంతంగా పనులు పెట్టుకుంటున్న మన మిత్రులు కొందరు "ఏ తరగతి కొనమంటారు?" అని అడుగుతున్నారు. మాకు తోచింది వ్రాస్తున్నాం.

బరువు పనులకు ఇక్కడ పేరుపడ్డ బండి టయోటా లాండ్‌క్రూజర్ 70 శ్రేణి. 1984లో వచ్చింది, మొహం పెద్దగా మారకుండా ఇప్పటికీ అమ్ముడుపోతోంది. దీని యూట్‌లో అడుగున వర్క్‌మేట్, పైన జీఎక్స్ఎల్, నడుమ జీఎక్స్. పై తరగతిలో నేలకు కార్పెట్, అల్లాయ్ చక్రాలు. అడుగు తరగతిలో నేలంతా వినైల్ పరుపు, ఉక్కు చక్రాలు. చూడగానే మనకు చిన్నతనమనిపిస్తుంది. పిల్బరా ఎర్రమట్టిలో వారం రోజులు తిరిగి వచ్చాక తెలుస్తుంది సంగతి. వినైల్‌ను తడిగుడ్డతో తుడిచేస్తే సరి. కార్పెట్‌లో దూరిన ఎర్రదుమ్ము ఎంత దులిపినా వదలదు. ఉక్కు చక్రం సొట్టపడితే సుత్తితో సరిచేసుకున్నవాళ్ళున్నారు. ఈ రెండు విషయాల్లో తక్కువ ధర బండే మేలైన బండి.

చిక్కు మరోచోట ఉంది. బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే రెండోదానికీ బలం అందించేవి డిఫరెన్షియల్ లాకులు. ఇవి చాలా ఏళ్ళపాటు జీఎక్స్ఎల్‌కు బండితోపాటే వచ్చేవి, వర్క్‌మేట్‌కు అదనంగా సొమ్ము కట్టాలి. బురదలో దిగబడేది ఎవరి బండి? కార్పెట్ పరచుకున్నవాడిదా, పనివాడిదా? 2012లో నాలుగు తలుపుల యూట్ వచ్చినప్పుడు ఏసీ కూడా విడిగా కొనుక్కోవలసిందే. వేసవిలో ఇక్కడ ఎండ ఎలా కాస్తుందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

రైల్లో ఫస్ట్ క్లాసుకు మెత్తటి పరుపు, సెకండ్ క్లాసుకు చెక్కబల్ల ఉండేవి. అయినా బ్రేకులు అందరికీ ఒకటే. యూట్ తయారీదారులు ఈ లెక్కే పాటించాలని మా అభిప్రాయం. 2016లో రెండు తలుపుల యూట్‌కు అయిదు ఎయిర్‌బ్యాగులు పెట్టారు, దానికి భద్రతా పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయి. అయిదు నక్షత్రాలుంటేనే కొంటామని పెద్ద గని కంపెనీలు పట్టుబట్టడం ఇందుకు ముఖ్య కారణం. అదే ఏట నాలుగు తలుపుల బండికి రెండే ఎయిర్‌బ్యాగులు! వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకునేది ఆ బండిలోనే కదా. గనికి పట్టుబట్టే బలం ఉంది, సంసారికి లేదు.

2022లో బండి మొత్తం బరువు హద్దును 3510 కిలోలకు పెంచారు. బరువు కాస్త ఎక్కువ మోస్తుంది, నిజమే. అయితే పక్కనుంచి స్తంభానికి గుద్దుకుంటే తట్టుకోవాలన్న నియమం 3500 కిలోలు దాటిన యూట్‌లకు వర్తించదు. ఆ పది కిలోల్లోనే ఉంది కిటుకంతా.

కనుక కొనేముందు డీలరును మొదట ఎయిర్‌బ్యాగులెన్ని అని అడగండి. తరువాత డిఫరెన్షియల్ లాకుల సంగతి. రంగూ, కార్పెట్టూ ఆఖరున. రెండు తలుపుల బండికి వెనక ట్రే ఉండదు, ఉత్త ఛాసీయే. దాని ఖర్చు వేరు. ఆ సంగతి డీలరు తనంతట చెప్పకపోవచ్చు.