చీటీ లేకుండా కొనే నొప్పి బిళ్ళ

పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, మెఫనమిక్ ఆమ్లం, నిమెసులైడ్, ఆస్పిరిన్. డాక్టరు చీటీ లేకుండా మన జనం అడిగి కొనుక్కునే నొప్పి మందులు దాదాపు ఇవే. బ్రాండ్ల పేర్లు మాత్రం వందల్లో ఉంటాయి. ఇబ్బంది మొదలయ్యేదీ అక్కడే. తలనొప్పికి ఒక పేరు, నడుం నొప్పికి మరో పేరు, జలుబుకు ఇంకో పేరు చెప్పి తెచ్చుకున్న మూడింటిలోనూ ఒకే మందు ఉండవచ్చు.

చీటీ అక్కర్లేని మందులంటూ మన చట్టంలో ప్రత్యేకమైన జాబితా లేదు. ఉన్నది చీటీ తప్పనిసరైన మందుల జాబితా, అంటే ‘షెడ్యూల్ హెచ్’. డైక్లోఫినాక్, మెఫనమిక్ ఆమ్లం, నిమెసులైడ్ అందులోవే. అలాంటి మందుల స్ట్రిప్ మీద ఎర్రగీత ఉంటుంది. మామూలు పారాసిటమాల్, ఆస్పిరిన్ బిళ్ళల సంగతి వేరు. వెయ్యి మంది లోపు జనాభా ఉన్న పల్లెల్లో వాటిని లైసెన్సు లేని దుకాణంలోనూ అమ్మవచ్చని ‘షెడ్యూల్ కె’ వెసులుబాటు ఇస్తుంది. వాడుకలో ఈ తేడా చెరిగిపోయింది. పుదుచ్చేరి గోరిమేడులో జిప్మర్ వంటి పెద్దాసుపత్రి ఉన్నా, ఒళ్ళు నొప్పులకు అక్కడ ఓపీలో నిలబడే ఓపిక కూలికి వెళ్ళే మనిషికి ఉండదు. దారిలోని మందుల షాపే అతనికి డాక్టరు.

అక్కడ జరిగేది చూడాలి. షాపతను కత్తెరతో స్ట్రిప్ కోసి రెండు బిళ్ళలు ఇస్తాడు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోతుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు, చిన్న కాగితం కవరులో మూడు నాలుగు రకాల విడి బిళ్ళలు పోసి ఇస్తారు. ‘చేయి మంచిది’ అని పేరు తెచ్చుకున్న చోట ఆ కవరులో నొప్పి మందుతో పాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కూడా ఉండవచ్చు. రెండూ కలిస్తే నొప్పి చప్పున తగ్గుతుంది, కడుపులో పుండు పడే ప్రమాదం అంతకు అంత పెరుగుతుంది.

ఈ నొప్పి మందులు పనిచేసే తీరును బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో ఆస్పిరిన్ మీద ప్రయోగాలతో తేల్చాడు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు. దెబ్బ తగిలిన చోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేస్తుంది. వాపు, నొప్పి, జ్వరం వాటి చలవే. పారాసిటమాల్ కాక మొదట చెప్పిన మందులన్నీ వాటి తయారీని ఆపుతాయి. అయితే జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేదీ, మూత్రపిండాలకు రక్తం సరిగ్గా అందేలా చూసేదీ ఇవే రసాయనాలు. కాబట్టి మందు చేసే మేలు, కీడు వేర్వేరు పనులు కావు. ‘సైడ్ ఎఫెక్ట్’ అనే మాటతో కీడును ఓ పక్కకు నెట్టేయడం అంత సబబుగా లేదు.

‘కడుపు నిండా తిని వేసుకుంటే ఏం కాదు’, ‘సూది వేయించుకుంటే కడుపుకు సంబంధం లేదు’ అనే నమ్మకాలు అందుకే నిలవవు. తిండి తర్వాత వేసుకుంటే మంట తగ్గవచ్చు. కానీ మందు రక్తంలో కలిశాక ఎటు నుంచి వచ్చినా జీర్ణాశయపు రక్షణను తగ్గిస్తుంది. వృద్ధుల్లో నొప్పి కూడా తెలియకుండా పుండు నుంచి రక్తం కారవచ్చు. తారులా నల్లగా విరేచనం అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తోడుగా గ్యాస్ బిళ్ళ వేసుకుంటే కడుపుకు కొంత కాపుదల దొరుకుతుంది, మూత్రపిండాలకు ఏమీ దొరకదు.

మూత్రపిండాల మాట వస్తే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం అంతుపట్టని కిడ్నీ జబ్బు కొన్ని దశాబ్దాలుగా మనుషులను తినేస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. పుదుచ్చేరి చుట్టుపక్కల తమిళ జిల్లాల్లోనూ ఇలాంటి జబ్బే ఉందని జిప్మర్ వైద్యులు గుర్తించి, ‘తొండైమండలం నెఫ్రోపతి’ అని పేరుపెట్టి 2020లో ప్రచురించారు. పీడితుల్లో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. ఈ జబ్బులకు నొప్పి బిళ్ళలే మూలమని ఎవరూ నిరూపించలేదు, అలా ప్రచారం చేయడం తప్పు. ఎండ, నీరు తాగకపోవడం, తాగే నీటిలో ఉన్నవి, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. అయినా ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గిన మనిషికి మూత్రపిండాలకు రక్తం అందడం ఆ ప్రోస్టాగ్లాండిన్ల మీదే ఆధారపడి ఉంటుంది. సరిగ్గా ఆ సాయంత్రమే ఒళ్ళు నొప్పుల బిళ్ళ పడుతుంది. బీపీకి వాడే టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ జాతి మందులు, నీరు పోయే బిళ్ళలు కూడా వాడుతున్నవారికి ఈ కలయిక మరీ చేటు. నొప్పి బిళ్ళతో కలిపి ఈ మూడు రకాలూ మూత్రపిండాలను కొద్ది రోజుల్లోనే కూల్చగలవు.

నొప్పి మందు ఒక ఊరినే దెబ్బతీసిన సందర్భం స్వీడన్‌లో ఉంది. హుస్క్‌వర్నా అనే కార్మికుల పట్టణంలో 1918 నాటి ఫ్లూ జ్వరాలకు ఒక డాక్టరు ఇచ్చిన ఫెనాసిటిన్ పొడిని, జ్వరాలు పోయాక కూడా జనం ఉత్సాహం కోసం రోజూ తీసుకున్నారు. ఏళ్ళ తర్వాత ఆ ఊళ్ళో కిడ్నీ చావులు పెరిగాయి. మన దేశం ఫెనాసిటిన్‌ను 1983లో నిషేధించింది. నొప్పి లేకపోయినా పనికి వెళ్ళే ముందు ఒక బిళ్ళ వేసుకునే అలవాటు మాత్రం ఇక్కడా ఉంది.

ఫెనాసిటిన్ శరీరంలో పారాసిటమాల్‌గా మారుతుంది. ఆ పారాసిటమాల్ ఇప్పుడు ఇంటింటా ఉంది. తగు మోతాదులో ఇది మిగతావాటి కన్నా నయం, కడుపును అంతగా పట్టదు. దీని లెక్కంతా కాలేయంతో. పెద్దవారికి 24 గంటల్లో 4 గ్రాములు పైహద్దు. జ్వరానికి 650 మిల్లీగ్రాముల బిళ్ళ నాలుగుసార్లు వేసుకుంటే 2,600. ఒళ్ళు నొప్పులకు ఐబుప్రొఫెన్‌తో కలిపిన బిళ్ళ మూడుసార్లు, ఒక్కోదానిలో 325 చొప్పున 975. జలుబు బిళ్ళలో 500 ఉంటే మూడింటికి 1,500. మొత్తం 5,075. మూడు వేర్వేరు పేర్లతో, ఎక్కడా తప్పు చేసినట్టు అనిపించకుండానే హద్దు దాటిపోయింది. రోజూ మద్యం తాగేవారికి, తిండి సరిగ్గా లేనివారికి హద్దు ఇంకా తక్కువ. మద్యం చవకగా దొరుకుతుందని పేరున్న పుదుచ్చేరిలో ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పాలి. మోతాదు మించినా మొదటి రోజు పెద్ద బాధేమీ ఉండదు, కాలేయం దెబ్బతిన్న లక్షణాలు రెండు మూడు రోజులకు బయటపడతాయి. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు 8 గంటల లోపు పడితే బాగా పనిచేస్తుంది కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. బ్రిటన్ 1998లో ఒక ప్యాకెట్‌లో అమ్మే బిళ్ళల సంఖ్యకు కోత పెట్టింది. ఆ తర్వాత ఈ మందు వల్ల చావులు తగ్గాయి.

గుండె మీద భారం సంగతి రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందుతో తెలిసింది. గుండెపోట్లు పెరుగుతున్నాయని తేలాక 2004 సెప్టెంబరులో తయారీదారే దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నాడు. డైక్లోఫినాక్‌కూ అలాంటి ప్రమాదం ఉంది. గుండె జబ్బుకు డాక్టరు రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను మాత్రం భయపడి సొంతంగా మానకూడదు.

వానాకాలంలో డెంగీ భయం ఉన్నప్పుడు జ్వరానికి పారాసిటమాల్ తప్ప మరో నొప్పి మందు వాడకూడదు. మిగతావి రక్తస్రావాన్ని పెంచుతాయి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు నిమెసులైడ్‌ను మన దేశం 2011లో నిషేధించింది. జ్వరంతో ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే మెదడు, కాలేయం దెబ్బతినే రేస్ సిండ్రోమ్ రావచ్చు. గర్భిణులు, ముఖ్యంగా 20 వారాలు దాటాక, ఐబుప్రొఫెన్ జాతి మందులకు దూరంగా ఉండాలి.

నెలసరి నొప్పికి ఆడపిల్లలు ఎక్కువగా వాడే మెఫనమిక్ ఆమ్లం మీద 2023 నవంబరు చివర ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక జారీచేసింది. అరుదుగా ‘డ్రెస్’ అనే తీవ్రమైన అలర్జీ వస్తుందని దాని సారాంశం. జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, గ్రంథుల వాపు దాని గుర్తులు. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల లోపు రావడం వల్ల చాలామంది రెంటికీ ముడిపెట్టుకోరు. ఇలాంటి హెచ్చరికలు ఆసుపత్రుల్లోని పర్యవేక్షణ కేంద్రాలకు చేరిన ఫిర్యాదుల నుంచే పుడతాయి. జిప్మర్‌లోనూ అలాంటి కేంద్రం ఉంది. మందు పడని మనిషి స్వయంగా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు. అక్కడ ముందు అడిగేది ఏ మందు అనే. పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతే దానికి జవాబు ఉండదు.