అన్నవరం పార్కులో ఆరు గంటల పిట్ట

అన్నవరం అంటే మనకి వ్రతం, విస్తరాకులో ప్రసాదం, కొండ మీద సెల్ఫీ. పిట్టల్ని చూడాలంటే కోరింగ మడ అడవులకే వెళ్లాలనుకునేవాణ్ని నేను. పోయిన అక్టోబరులో రత్నగిరి కింద ఓ బుల్లి పార్కు నా లెక్క తప్పని తేల్చేసింది.

పార్కంటే ఏదేదో ఊహించుకోకండి. నాలుగు సిమెంటు బెంచీలు, ఓ రావిచెట్టు, గోడ వారన ఎవరూ పట్టించుకోని పొదలు. అటు హైవే మీద లారీల హారన్లు, ఇటు మైకులో వ్రతకథ. పొద్దున్నే ఆరింటికి వెళ్లి కూర్చున్నా. కుళాయి కింద బురదలో తోక ఆడిస్తూ ఓ గ్రే వ్యాగ్‌టెయిల్. చలికాలం గడపడానికి హిమాలయాల వైపు నుంచి వచ్చే పిట్ట అది. అంతటితో నేను హ్యాపీ.

ఇంతలో పొదల్లోంచి రెండు ముక్కల ఈల. మెర్లిన్ యాప్ ఆన్ చేస్తే 'ఇండియన్ పిట్టా' అంది. నమ్మలేదు, యాప్‌లు కూడా పొరబడతాయి కదా! పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాక, ఎండుటాకుల్ని ముక్కుతో తిరగేస్తూ అదే బయటికొచ్చింది. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, కంటికి కాటుక పట్టీ, తోక కింద ఎరుపు. మన పొన్నంకి పిట్ట! హిందీలో నవరంగ్. పొద్దున, సాయంత్రం ఆ వేళకి కూస్తుందని తమిళులు ఆరుమణి కురువి అంటారు, అంటే ఆరు గంటల పిట్ట. ఇంకో సంగతి తెలుసా? ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న ఈ జాతి పక్షులన్నిటినీ సైంటిస్టులు 'పిట్టా' అనే పిలుస్తారు. ఆ మాట తీసుకున్నది మన తెలుగులోంచే.

ఇది రాత్రుళ్లు ఎగురుతూ దక్షిణాదికి, శ్రీలంకకి పోతుంది. తెల్లారేసరికి ఎక్కడ పొద దొరికితే అక్కడ దిగాల్సిందే. తిండి కూడా ఎండుటాకుల కింద పురుగులే. ఆ ఆకుల్ని ఊడ్చేసి తగలబెట్టామా, దానికి ఆ ఊళ్లో టిఫిన్ సెంటర్ మూసేసినట్టే.

సరిగ్గా అప్పుడే చీపురు, కత్తితో తోటమాలి వచ్చాడు.

"కార్తీకమాసం వచ్చేత్తంది బాబూ, జనం వత్తారు. ఈ తుప్పలు కొట్టేయమన్నారు."

ఫోన్లో ఫొటో చూపించా. కళ్లు చికిలించి చూశాడు. "ఇదా! మా సిన్నప్పుడు జీడితోటల్లో సూసేవోళ్లం" అన్నాడు. గోడ వార మాత్రం వదిలేసి మిగతాదంతా ఊడ్చాడు.

రెండ్రోజుల తర్వాత వెళ్తే పిట్ట లేదు. ఆయన ఎదురొచ్చాడు.

"మీ పిట్ట ఎల్లిపోనాది. ఇంక తీసేయనా?"

"వెనకాల ఇంకోటి వస్తుందేమో, ఉంచు బాబాయ్" అన్నా.

"దీపావళి దాకా ఉంచుతాను, ఆపైన నా సేతుల్లో లేదు" అంటూ కత్తి రావిచెట్టు మొదట్లో పెట్టేశాడు.